ముందువాడి చక్రం

షాపు కుర్రాడు సైకిల్ని రెండు వేళ్ళతో గాల్లోకి లేపి చూపిస్తున్నాడు. "పది కేజీలు సార్, అంతే. మీరూ ఎత్తండి."

ఎత్తాను. మా నాన్న తొక్కిన నల్ల సైకిలు దీనికి దాదాపు రెట్టింపు బరువు. దాన్ని అరుగెక్కించాలంటే ఇంట్లో ఇద్దరం తలో చెయ్యి వెయ్యాల్సొచ్చేది. కాకపోతే దానికి స్టాండుంది, క్యారియరుంది, మడ్‌గార్డులున్నాయి, గంట ఉంది. దీనికి ఇవేవీ లేవు. ఇన్ని లేనిదానికి యాభై వేలకి దగ్గరా అని మా ఆవిడ ముఖంలో కనిపిస్తూనే ఉంది. నోటితో మాత్రం, "సీటు మరీ ఇంత సన్నమేమిటండీ?" అంది.

యజమాని రోజూ వినే ప్రశ్నే కాబోలు, నవ్వి ఊరుకున్నాడు. నా చేత చెప్పులు విప్పించి గోడకి ఆనించి నిలబెట్టాడు. కాళ్ళ మధ్య లావుపాటి పుస్తకం ఒకటి పెట్టి, పైకి బాగా జరపమని, దాని అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత గీశాడు. నేల నుంచి గీత దాకా టేపు పట్టాడు. "యాభై నాలుగు సైజు సరిపోద్ది. యాభై ఆరు కూడా ఇక్కడ కూచుంటే బాగానే ఉంటాది. గంట తొక్కాక నడుం చెప్తాది." రంగు చూసి సైజు మరిచిపోయేవాళ్ళే ఎక్కువట. ఆ సైకిళ్ళు ఏడాది తిరక్కుండా మళ్ళీ ఆయన దగ్గరికే అమ్మకానికి వస్తాయట.

ఫ్రేము అల్యూమినియం, ముందు ఫోర్కు కార్బన్. గేర్లు జపాన్ కంపెనీ షిమానోవి, క్లారిస్ రకం: వెనక ఎనిమిది, ముందు రెండు. ఆ పై మెట్టు సోరా, దాని పైన టియాగ్రా, ఇంకా పైన 105. మెట్టు మెట్టుకీ జేబు తేలికవుతుంది. నా చూపు సోరా మీదికి పోవడం ఆయన గమనించాడు. "క్లారిస్ చాల్సార్. మిగిలిన డబ్బుతో హెల్మెట్టు, ముందూ వెనకా లైట్లు కొనండి. హెల్మెట్టు లేకపోతే క్లబ్బోళ్ళు కదలనివ్వరు." అమ్మేవాడే తక్కువది తీసుకోమంటే ఇక నమ్మక చేసేదేముంది?

బిల్లు రాస్తూ ఒక చిన్న ఇత్తడి ముక్క నా చేతిలో పెట్టాడు. ఈ ట్యూబులకి ఉండే సన్నటి వాల్వుని ప్రెస్టా అంటారు. రోడ్డు పక్క పంక్చరు షాపు గొట్టం దానికి పట్టదు. ఈ అడాప్టరు బిగిస్తే పడుతుంది. సీటు కింది సంచీలో ఇది లేకపోతే, ఊరంతా పంపులున్నా గాలి లేకుండా నడుచుకుంటూ ఇంటికి రావాల్సిందే.

ఆదివారం, క్లబ్బుతో నా మొదటి రైడు. తెల్లవారుజామున అయిదు కావస్తోంది. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చీకట్లో నల్లగా పడుకుని ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఆ మరుసటి ఏడాది నుంచీ ఈ ఇసుకలో మ్యూజియంగా ఉంటోంది. దాని పక్కన ఎర్ర లైట్లు ఒకటొకటిగా వచ్చి చేరుతున్నాయి. నేవీ కుర్రాళ్ళు ఇద్దరు, పిల్లల డాక్టరు ఒకాయన, స్టీల్‌ప్లాంటు ఇంజినీరు, తండ్రిని వెంటబెట్టుకొచ్చిన ఇంటర్ అమ్మాయి. వీళ్ళందరి మధ్యా భుజాలు రెండు తలుపులు మూసేంత వెడల్పున కాంట్రాక్టరు గారు. ఆయన రాగానే అందరి మొహాలూ ఎందుకలా విప్పారాయో నాకింకా తెలీదు.

క్లబ్బు కెప్టెన్ నా టైరు బొటనవేలితో నొక్కి చూసి, "కొత్తా తమ్ముడూ?" అన్నాడు. "ముందు మనిషి వీపు చూడు, చక్రం చూడకు. సడెన్ బ్రేకు వద్దు. నీ ముందు చక్రం అతని వెనక చక్రం పక్కకి పోనివ్వకు. అతను కొంచెం పక్కకి జరిగాడనుకో, పడేది నువ్వే. అతనికి తెలియను కూడా తెలీదు."

కదిలాం. ఇద్దరిద్దరుగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా. ముందు నుంచి "గొయ్యి!" అని కేక వచ్చి, నోటి నుంచి నోటికి మారి, నన్ను దాటి వెనక్కి పోతుంది. కుడిచేయి కిందికి చాపితే గొయ్యి కుడివైపున్నట్టు. వెనక నుంచి "కారు!" అంటే రెండు వరసలూ ఒకటైపోవాలి. పెదజాలారిపేట దగ్గర చేపల వాసన ముఖానికి కొట్టింది. గంపలతో ఆటోల కోసం నిలబడ్డ ఆడవాళ్ళు మా బిగుతు బట్టలు చూసి ఏదో అనుకుని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు న్యాయమైనదే. తెన్నేటి పార్కు కింద, 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ రాళ్ళ మీద నీడలా కనిపించి వెనక్కి పోయింది. సాగర్‌నగర్ దాటేసరికి కుడివైపు సముద్రం మీద సూర్యుడు.

మీటరు చూసుకున్నాను. ముప్పై రెండు! ఆయాసం లేదు, తొడల్లో మంట లేదు. నాలో ఇంత సత్తువ ఉందా? పక్కనే తొక్కుతున్న డాక్టరు గారు నా ముఖం చూసి, "అవన్నీ మీ కాళ్ళే అనుకుంటున్నారా?" అన్నారు. ఏప్రిల్ నెల. ఈ కాలంలో ఇక్కడ గాలి నైరుతి నుంచి వీస్తుంది. తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. భీమిలి వెళ్ళేటప్పుడు గాలి వీపు మీద చెయ్యి వేసి నెడుతుందన్నమాట. పొద్దెక్కేకొద్దీ దాని జోరు పెరుగుతుంది. తిరిగొచ్చేటప్పుడు సంగతి ఆయన చెప్పలేదు.

రుషికొండ ఎత్తు, ఎడమవైపు తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, అన్నీ ఆ వేగంలో వెళ్ళిపోయాయి. తొట్లకొండ మీది బౌద్ధ ఆరామం 1976లో నేవీ వాళ్ళ ఏరియల్ సర్వేలో బయటపడిందని నేవీ కుర్రాడు సొంత ఆస్తి గురించి చెప్పినట్టు చెప్పాడు. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలిలో దిగి ఇడ్లీలు, పెసరట్లు. అక్కడి మాటలన్నీ బ్రెవేల గురించే, అంటే గడువులోపు తొక్కాల్సిన దూరపు రైడ్ల గురించే. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, ఆరు వందలు నలభై గంటల్లో. ఒకే సీజన్లో రెండు, మూడు, నాలుగు, ఆరు వందలు పూర్తి చేస్తే సూపర్ రాండనర్. ఇంటర్ అమ్మాయి తండ్రికి ఆ బిరుదుంది. చట్నీ ఇంకొంచెం వెయ్యమంటూ మధ్యలో ఆ మాట చెప్పి ఊరుకున్నాడు.

తిరుగు ప్రయాణం. ఊరి పొలిమేర దాటగానే చెవుల్లో హోరు. అవే కాళ్ళు, అదే సైకిలు, మీటరు మీద ఇరవై రెండు. గాలిని చీల్చడానికి పెట్టే శక్తి వేగం ఘనంతో పెరుగుతుందని ఇంజినీరు పెసరట్టు తింటూ చెప్పాడు. ఇరవై నుంచి ముప్పైకి పెరగాలంటే మూడు రెట్లకి పైన పెట్టాలట. తినేటప్పుడు లెక్క తేలికగానే ఉంది, ఇప్పుడు తొడల్లో ఉంది. ఎదురుగాలి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మనం మెల్లగా పోతున్నా అది వేగంగానే వస్తుంది కదా.

"ఒక్క లైను! దగ్గరికి రండి!" కెప్టెన్ కేక.

దగ్గరికి జరిగాను. ముందువాడి వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య మూరెడు ఖాళీ. హోరు టక్కున ఆగింది. ఎవరో తలుపు వేసినట్టు. పెడలు తేలికైంది. బాగా వెనకబడితే తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. ఇలా నీడలో తొక్కితే శ్రమలో మూడో వంతు దాకా మిగులుతుంది. సోరాకీ క్లారిస్‌కీ తేడా ఎన్ని వేలో షాపులో లెక్క కట్టాను. ఇక్కడ ఉచితంగా దొరికే ఈ మూడో వంతు ఏ ధరల పట్టీలోనూ లేదు.

ఉచితమంటే పూర్తిగా ఉచితం కాదు. ముందున్నవాడు నిమిషమో రెండు నిమిషాలో గాలికి ఛాతీ ఇచ్చి, మోచేయి ఆడించి పక్కకి తొలగుతాడు. వరస అతన్ని దాటిపోతుంది. అతను చివర్న అతుక్కుంటాడు. ఇప్పుడు ముందుండేది నేను. హోరు, కళ్ళల్లో నీళ్ళు, నోట్లో ఉప్పు. వెనక ఇంతమంది నా వీపు నమ్ముకుని వస్తున్నారన్న బెరుకు వేరే. ఊపిరి తెగుతుంటే మోచేయి ఆడించి తప్పుకున్నాను.

చివరికి జారుతూ చూస్తే అసలు రహస్యం కనిపించింది. కాంట్రాక్టరు గారి వెనక చోటు కోసం నేవీ కుర్రాళ్ళూ డాక్టరు గారూ పోటీ పడుతున్నారు. అంత వెడల్పు వీపు వెనక గాలి అన్నదే లేదు. "ఆదివారానికి ఆయనొస్తున్నారా లేదా కనుక్కునే నేను అలారం పెట్టుకుంటాను," అని డాక్టరు గారు సిగ్గు లేకుండా ఒప్పుకున్నారు. కాంట్రాక్టరు గారు ముందుకొచ్చినప్పుడల్లా మిగతావాళ్ళకి రెండింతల సేపు లాగుతున్నారు కూడా.

రుషికొండ దగ్గర రోడ్డు మళ్ళీ పైకి లేచింది. ఎక్కుడులో వేగం పడిపోతుంది, గాలి పెద్ద లెక్కలోకి రాదు. లాగాల్సింది బరువునే. కాంట్రాక్టరు గారి గొలుసు టకటకమంటూ ముందున్న చిన్న పళ్ళచక్రం మీదికి దిగింది. మీటరు మీద పన్నెండు, పది, తొమ్మిది. ఇంటర్ అమ్మాయి కావాలంటే రెండు తొక్కుల్లో పైన ఉంటుంది. బ్రేకు మీద వేళ్ళుంచి ఆయన వెనకే తొక్కుతోంది. ఎవరూ దాటలేదు. డాక్టరు గారు పక్కకొచ్చి, ఎడంచేత్తో హ్యాండిల్ పట్టుకుని కుడిచెయ్యి ఆయన నడుం మీద ఆనించి నెట్టడం మొదలుపెట్టారు.

"చెయ్యి తీసీండి డాక్టరు గారూ," అంటున్నారు ఆయన రొప్పుతూ, "సాగర్‌నగర్లో మళ్ళీ నా ఎనకాలే కదా దాక్కుంటారు."

"అందుకే కదండీ నెడుతున్నాను!"