పోరుమామిళ్ళ శాసనం చెప్పిన చివరి రెండు దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. ఆ చెరువు కట్టించింది మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని. శాసనాల్లో దానాలు, వంశావళులు మామూలే. ఇందులో మాత్రం మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ కూడా చెక్కించారు.

కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్యలో మిట్ట - ఇవి మొదటి నాలుగు. నన్ను ఆపేసినవి చివరి రెండూ. నీళ్ళు తక్కువై తడపాల్సిన పొలం ఎక్కువైతే అది ఐదో దోషం. పొలం తక్కువై నీళ్ళు మరీ ఎక్కువైతే ఆరోది. కరువు సీమలో నీళ్ళు ఎక్కువవడం కూడా తప్పేనని రాయించారు చూడండి!

ఎందుకు తప్పో శాసనం వివరించదు. ఈనాటి మృత్తికా శాస్త్రం చెప్తుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉండాలి. నీరు నిండిపోతే గాలికి చోటుండదు. వేళ్ళకి ఊపిరాడదు, నేలలో నత్రజని వాయువై ఎగిరిపోతుంది. కాండంలోంచి వేళ్ళకి గాలి పంపుకోగలదు కాబట్టి వరి మాత్రం తట్టుకుంటుంది. నేల ఎండిపోతే ఇంకో కష్టం. వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, చర్మం తడిగా లేకపోతే బతకదు. అందుకే లోతుకి దిగి ముడుచుకు పడుకుంటుంది. సూక్ష్మజీవులూ నిద్రలోకి జారుకుంటాయి.

బాగా ఎండిన నేలని ఒక్కసారిగా తడిపితే ఏమవుతుందో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన బిర్చ్ 1958లో రాశాడు. సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి, నేలలోని సేంద్రియ పదార్థాన్ని గబగబా తినేస్తాయి. మొక్కకి ఆ నాలుగు రోజులూ పండగే. కానీ ఎండటం, తడవటం పదే పదే జరిగితే నేల కూడబెట్టుకున్న సారం కరిగిపోతూ ఉంటుంది.

మన ఊళ్ళలో నీరుగంటి తూము తీసి, వంతుల ప్రకారం మళ్ళకి నీళ్ళు వదిలేవాడు. తగాదాలు రాకుండా చూడటమే ఆయన పని అనుకుంటాం. ఆ వంతే నేలకి తడి తప్పకుండా కూడా చూసింది.

ఇక్కడ అమెరికాలో పెరటి గోంగూరకి వారమంతా మరిచిపోయి శనివారం మడి నింపే మనకి, ఆ ఐదో దోషమూ ఆరో దోషమూ ఒకే వారంలో వస్తున్నాయి. గొట్టంలో నీళ్ళకి కొదవలేదు. లేనిదల్లా వంతే.