పుట్టుమచ్చ చెరపకూడని ఫోటో

మేడ్చల్ పోస్టాఫీసులోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లే పెద్దవాళ్లు ఇప్పుడు ఫోటో పట్టుకెళ్లక్కర్లేదు. కౌంటర్ దగ్గరే కెమెరా ఉంటుంది. కళ్లద్దాలు తీసి, నవ్వకుండా నోరు మూసి, సూటిగా చూడాలి. వెనక తెలుపే కాబట్టి తెల్ల చొక్కా వద్దంటారు.

ఇక్కడి ఫోటో చరిత్ర మొదలైంది మాత్రం దర్జాతో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోలు తీసిన లాలా దీన్ దయాళ్‌కు సికింద్రాబాదులో పేరుమోసిన స్టూడియో ఉండేది. ‘ముసవ్విర్ జంగ్’ ఆయన బిరుదు. 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే జెనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల ఫోటో తీసేదీ ఆడమనిషే. మనిషి ఎలా కనబడాలనుకుంటే అలా చూపించడమే ఆ కాలపు స్టూడియో గొప్పతనం.

పాస్‌పోర్ట్‌కు ఆ సొగసుతో పని లేదు. దానికి ఫోటో అంటించింది యుద్ధకాలపు అనుమానం. 1914లో కార్ల్ లోడీ అనే జర్మన్ గూఢచారి వేరొక అమెరికన్ పేరు మీదున్న పాస్‌పోర్ట్‌తో బ్రిటన్‌లో తిరిగాడు. అందులో ఫోటో లేదు. దొరికిపోయాక నవంబరు 6న లండన్ టవర్‌లో కాల్చి చంపారు. మరుసటి ఏడాదికల్లా బ్రిటన్‌లో పాస్‌పోర్ట్‌కు ఫోటో తప్పనిసరైంది. అయినా తొలినాళ్లలో టోపీతోనో, ఇంటిల్లిపాదీ కలిసో దిగిన ఫోటోలు చెల్లాయి. మన దేశానికి పాస్‌పోర్ట్ చట్టం 1920లో వచ్చింది. పరదా పాటించే స్త్రీలకు ఫోటో నుంచి మినహాయింపు ఉండేది. జెనానా స్టూడియో ఎందుకు అవసరమైందో తెలిసిన నేల మీద ఇది చిన్న విషయం కాదు.

స్వాతంత్ర్యం తర్వాత 1967లో కొత్త పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది. గల్ఫ్ బాట పట్టిన తెలంగాణ జనంతో పాస్‌పోర్ట్ ఫోటోలకు గిరాకీ పెరిగింది. ఫోటోగ్రాఫర్‌కు అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. నెగటివ్ మీద పెన్సిల్‌తో ‘టచింగ్’ చేసి మొటిమలు, మచ్చలు మాయం చేయడం ఆ వృత్తిలో పనితనం. పాస్‌పోర్ట్ దరఖాస్తేమో గుర్తుపట్టే మచ్చ ఏదో రాయమంటుంది. అందంగా చూపడం నేర్చిన చేయి ఉన్నదున్నట్టు వదిలేయడమూ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ నిగ్రహం తక్కువ పనితనమేం కాదు.

నవ్వొద్దన్న నియమం వెనక యంత్రం ఉంది. నవ్వితే ముఖంలోని కొలతలు మారతాయి, పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది.

ఆఫీసుల్లోకి కెమెరాలు వచ్చినా స్టూడియోల పని పూర్తిగా పోలేదు. అమెరికా వీసాకు రెండంగుళాల చదరపు ఫోటో కావాలి, 2016 నవంబరు నుంచి కళ్లద్దాలు పనికిరావు. నాలుగేళ్ల లోపు పిల్లల పాస్‌పోర్ట్‌కు 4.5×3.5 సెంటీమీటర్ల ఫోటో ఇంటివాళ్లే తీసుకెళ్లాలి. మెడ నిలవని పసిబిడ్డను తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి, పట్టుకున్న చేయి కనబడకుండా, కళ్లు తెరిచిన క్షణం చూసి తీయాలి.