రెండుసార్లు చదివిన కాగితం

1911 ఆగస్టు 10. లండన్ ఉడికిపోతోంది. నిన్న గ్రీనిచ్‌లో ఎండ నూరు డిగ్రీల ఫారెన్‌హీట్‌ను తాకింది. పొద్దుగూకినా వెస్ట్‌మినిస్టర్ గోడలు వేడి కక్కుతూనే ఉన్నాయి. లార్డ్స్ సభ గ్యాలరీలో ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చున్నాం. కింద ఎర్రతోలు బల్లల మీద ఖాళీ లేదు. ఏళ్ల తరబడి ఈ గడప తొక్కని ప్రభువులు కూడా పల్లెల్లో భవంతులు వదిలి వచ్చారు.

తమ వీటో పోతోందని వచ్చారు. 1909లో ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ ముసలివాళ్ల పింఛన్లకూ, యుద్ధనౌకలకూ డబ్బు కావాలని భూముల మీద, పెద్ద ఆదాయాల మీద పన్నులు ప్రతిపాదించారు. ఆ బడ్జెట్‌ను లార్డ్స్ 350-75 ఓట్లతో తోసిపుచ్చారు. 1910లో రెండు ఎన్నికలు జరిగాయి. రెండుసార్లూ లిబరల్ ప్రధాని ఆస్క్విత్ ఐరిష్, లేబర్ సభ్యుల అండతో నిలబడ్డారు. ఇప్పుడు పుట్టుకతో సభ్యులైనవాళ్లు, జనం ఎన్నుకున్నవాళ్లకు శాశ్వతంగా అడ్డుపడే వీలు లేకుండా బిల్లు తెచ్చారు.

ప్రతిపక్షం వైపు చూడండి. లాన్స్‌డౌన్, కర్జన్. ఇద్దరూ మన దేశాన్ని వైస్రాయిలుగా ఏలినవాళ్లే. బెంగాల్‌ను చీల్చినప్పుడు ఎవరి మాటా వినని కర్జన్ ఇవాళ తనవాళ్లను తగ్గమని బతిమాలుతున్నారు. ఆ పక్కన 87 ఏళ్ల హాల్స్‌బరీ. ఆఖరిదాకా పోరాడి చద్దామనేవాళ్లకు ఆయనే పెద్దదిక్కు. ప్రతిపక్షమైన యూనియనిస్టుల ఇల్లు రెండుగా చీలింది. హాల్స్‌బరీ వెంట ఎందరున్నారో ప్రభుత్వానికే తెలియదు.

మార్లే లేచారు. మొన్నటిదాకా ఇండియా వ్యవహారాలు చూసిన మంత్రి. చేతిలో ఒక కాగితం. సభలో దగ్గు కూడా వినిపించడం లేదు. ఈ రాత్రి బిల్లు ఓడితే, ప్రతిపక్షాలు ఎలా జట్టుకట్టినా అది రెండోసారి ఓడకుండా, సరిపడేంతమంది కొత్త ప్రభువులను సృష్టించడానికి రాజుగారు ఒప్పుకుంటారని చదివారు. మళ్లీ చదవమని అడిగారు. మళ్లీ చదివారు.

బ్రిటన్‌కు ఒకే గ్రంథంగా రాసుకున్న రాజ్యాంగం లేదు. ఈ దేశపు అధికారం ఎవరి చేతికి మారాలో ఈ రాత్రి తేల్చేది ఒక ముసలాయన చేతిలోని ఆ నాలుగు ముక్కలే. వందలకొద్దీ కొత్తవాళ్లు వచ్చి పక్కన కూర్చుంటారన్న బెదురు ఆ ముఖాల్లో కనిపిస్తోంది. ఆస్క్విత్ దగ్గర దాదాపు 250 పేర్ల జాబితా ఉందనీ, అందులో థామస్ హార్డీ, బెర్ట్రాండ్ రస్సెల్ ఉన్నారనీ తర్వాత లోకానికి తెలుస్తుంది.

మార్లేను చూస్తుంటే నాకు మరో మాట గుర్తొస్తోంది. తన సంస్కరణలు ఇండియాలో పార్లమెంటుకు దారితీసేవైతే వాటితో తనకు పనేలేదని 1908లో ఇదే సభలో చెప్పింది ఆయనే. తన దేశంలో ఓటుకు ఇంత గట్టిగా కాపు కాసిన మనిషి మనకొచ్చేసరికి తలుపు మూశారు. ఆ బాధ ఉన్నా, ఈ రాత్రి ఆయన పక్షమే గెలవాలని కోరుకుంటున్నాను.

మాజీ ప్రధాని రోజ్‌బరీ లేచి ప్రభుత్వం వైపే ఓటేస్తానన్నారు. తగ్గనివాళ్ల తరఫున సెల్‌బోర్న్ చివరిసారి గొంతెత్తారు. చీకట్లో మన చేతులతో మనమే చద్దామా, వెలుగులో శత్రువు చేతిలో చద్దామా అని అడిగారు. ఇక ఓటింగు. ఇక్కడ ఓటంటే నడవడమే. అటో వరస, ఇటో వరస, లాబీల్లోకి. తెల్లకర్రలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నారు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ప్రభుత్వం వైపు నడిచారు. ఆయన వెనక మరికొందరు బిషప్పులు. కొందరు యూనియనిస్టులు తల వంచుకుని అదే దారి పట్టారు. తమకు నచ్చని బిల్లును తామే గట్టెక్కిస్తున్నారు. ఈ సభలో అన్నిటికన్నా కష్టమైన నడక వాళ్లది.

లెక్క వచ్చింది. 131. 114. పదిహేడే తేడా! లిబరల్ ప్రభువులు 81 మందే. మిగతావాళ్లలో 13 మంది మతపెద్దలు, 37 మంది యూనియనిస్టులు. వాళ్లు లేకపోతే బిల్లు ఈ రాత్రే కూలిపోయేది.

ఇకమీదట ద్రవ్య బిల్లును లార్డ్స్ ఒక నెలకు మించి ఆపలేరు. మిగతా చాలా బిల్లులను రెండేళ్లు ఆపగలరు, అంతే. జనం ఎన్నుకునే కామన్స్ సభ గడువు ఏడేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గింది. వారసత్వం బదులు ప్రజల పునాది మీద రెండో సభను నిర్మించాలన్న ఉద్దేశం కూడా బిల్లు పీఠికలో రాసి ఉంది. దాన్ని రాసినవాళ్లు అప్పటికప్పుడే చేసి చూపాల్సింది. 1999లో వారసుల్లో ఎక్కువమందిని పంపించేటప్పుడు కూడా 92 మందిని ఉంచేశారు. ఎన్నికైన రెండో సభ మాత్రం రాలేదు.

మెట్లు దిగుతున్నాం. ఓడినవాళ్ల కోపం బయట క్లబ్బుల దాకా పాకుతోంది. ఇదే రోజు కామన్స్‌లో ఇంకో తీర్మానం నెగ్గింది. సభ్యులకు ఏడాదికి 400 పౌండ్ల జీతం. ఆస్తి లేని గనికార్మికుడు కూడా ఇక ఇంటి ఖర్చుకు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా ఆ సభలో కూర్చోవచ్చు.