గీత నుండి గాటుకు: సోమనాథ్ హోర్ తెల్లకాగితపు చిత్రాలు

తెలుగులో ‘వ్రాయు’ అనే క్రియ అక్షరానికీ బొమ్మకూ ఉమ్మడిది. గంటంతో తాటాకుపై వ్రాసిన అక్షరం మొదట ఒక గాటు. మసి పూసిన తరువాతనే అది కంటికి స్పష్టపడుతుంది. గీతకూ గాటుకూ గల ఈ సంబంధాన్ని ఆధునిక భారతీయ కళలో మసి అవసరం లేకుండా నిలిపినవాడు వంగ చిత్రకారుడు సోమనాథ్ హోర్ (1921–2006). 1970వ దశకంలో ఆయన రూపొందించిన ‘గాయాలు’ చిత్రశ్రేణి సామాజిక వాస్తవికతను విడిచిపోవడమా, దానికి కొనసాగింపా అన్నది ఇక్కడి ప్రశ్న.

హోర్ చిత్రరచనకు తొలి పాఠశాల కరువు. చిట్టగాంగ్ ప్రాంతంలో జన్మించిన ఆయన, 1943 నాటి వంగ క్షామంలో చిత్తప్రసాద్ ప్రేరణతో అన్నార్తులను ప్రత్యక్షంగా చూచి గీశాడు. ఆ చిత్రాలు కమ్యూనిస్టు పార్టీ పత్రికలో వెలువడ్డాయి. 1946లో, తెలంగాణలో రైతాంగ పోరాటం సాయుధరూపం దాలుస్తున్న కాలంలోనే, ఆయన ఉత్తర వంగంలోని రంగపూర్‌కు వెళ్లాడు. పంటలో మూడింట రెండు వంతులు తమకు దక్కాలని వాటాకు సేద్యం చేసే రైతులు సాగించిన తెభాగా ఉద్యమాన్ని దినచర్యగానూ రేఖాచిత్రాలుగానూ నమోదు చేశాడు. ఈ దశలో గీత సాక్షి. తాను చూచినదానిని చెబుతుంది.

శాంతినికేతన్‌లో రూపొందిన ‘గాయాలు’ శ్రేణిలో పద్ధతి మారింది. మట్టి లేదా మైనపు పలకపై కత్తితోనూ కాల్చిన కడ్డీలతోనూ గాట్లు పెట్టి, దానినుండి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చుపై తడి కాగితపు గుజ్జును అదిమి ఆరబెట్టేవాడు. ఫలితం తెలుపుపై తెలుపు. ఒక్కొక్కచోట మాత్రమే ఎరుపు జీర. మానవాకృతి లేదు. గాటు కనిపించేది వెలుగునీడల వల్లనే.

ఈ క్రమంలో ఒక విశేషం గమనించదగినది. మట్టిలోని గుంట సిమెంటులో మిట్ట అవుతుంది. కాగితంలో మళ్లీ గుంట అవుతుంది. అంటే ఇక్కడ కాగితాన్ని ఎవరూ కోయలేదు. అది గాయంతోనే రూపుకట్టింది. చెట్టు కాండంపై గంటు, లారీ చక్రం చీల్చిన బాట, కత్తిపోటు తిన్న మనిషి, వీటన్నిటిలోనూ తనకు గాయమే కనిపించిందని హోర్ చెప్పుకున్నాడు. కరువును ఒక సంఘటనగా గీసినవాడు ఇక్కడ దానిని పదార్థ స్వభావంగా మార్చాడు.

అయితే ఈ మార్పులో నష్టం లేకపోలేదు. తెభాగా చిత్రాలలో రైతుకు ముఖముంది, ఊరుంది; తెల్లకాగితంలో గాయపడినవాడెవరో, గాయపరచినవాడెవరో తెలియదు. కనుక రెండవ దశ మొదటిదానికి ప్రత్యామ్నాయం కాజాలదు. దానిని విడిచిపోవడంగా భావించడమూ సరికాదు. తొలి గీతలు సాక్షి పలికిన మాటలైతే, ఈ గాట్లు సాక్షి దేహంపై మిగిలిన మచ్చలు. చరిత్ర రచనకు రెండూ ఆధారాలే.