రెండో పేజీ

తాత మూట విప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది. పైన పాలిథిన్ కవరు, దాని లోపల పాత పంచె ముక్క, ఆ లోపల దస్తావేజు. మడతల దగ్గర కాగితం ఎండిన వడియంలా పెళుసెక్కింది.

"సూసి తియ్యి నాయనా. దీనికి రెండోది నేదు," అన్నాడు.

గజపతినగరంలో, 26వ నంబరు జాతీయ రహదారి పక్కన మా బావ జెరాక్స్ షాపు. రాయపూర్ వైపు వెళ్లే లారీ దాటిన ప్రతిసారీ అద్దం తలుపు ఓ వణుకు వణుకుతుంది. కార్తీక సోమవారం అని అక్క పిలిస్తే ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. కౌంటర్ దగ్గర మేనల్లుడు, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో బావ, ఎదురుగా మెంటాడ వైపు పల్లె నుంచి వచ్చిన తాత.

దస్తావేజు 1968 నాటిది. మొదటి కాగితం మీద విశాఖపట్నం జిల్లా, గజపతినగరం తాలూకా అని ఉంది. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. ఆ చిరునామాలో ఊరి పేరొక్కటే మారకుండా మిగిలింది. తాతకి ఈ లెక్కలతో పనిలేదు. విశాఖలో ఉన్న వకీలుకి సాయంత్రంలోగా అన్ని పేజీలూ అందాలి. ఫోన్లో ఫొటోలు తీసి పంపితే, చెక్కుబందీ రాసిన చోట సిరా వెలిసిపోయి ఉందనీ, మీద ఎవరిదో చెయ్యి నీడ పడిందనీ, స్కాన్ చేసి పంపమనీ వెనక్కి కొట్టాడట.

మేనల్లుడు మొదటి కాగితం గాజు మీద పరిచాడు. ఎర్రగా పచ్చగా లైటు పాకింది. తెర మీద దస్తావేజు, స్టాంపు మీది సీలుతో సహా, తేటగా వచ్చింది. తాత ముందుకి వంగి చూసి మురిసిపోయాడు.

రెండో కాగితం పరిచాడు. లైటు పాకలేదు. స్కానర్‌తో కలవడం కుదరలేదని తెర మీద ఓ ముక్క వచ్చింది. మళ్లీ నొక్కాడు. అదే ముక్క.

"మావయ్యా, ఇది ఒక్క పేజీ ఇస్తున్నాది. రెండోది అడిగితే ఇవ్వట్లేదు," అన్నాడు నా వైపు తిరిగి.

బావ దీనికోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. "సుబ్బరంగా పనిచేసీ దాన్ని పాడుసీసినావు. నాను సెప్పినానా నేదా?"

పాడు చేయడం వెనక కథ ఇదీ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. షాపులో ఉన్నది ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్ కంప్యూటరు. విండోస్ 11 కావాలంటే ఎనిమిదో తరమో, ఆ పైదో ఉండాలి. అంటే కొత్త పెట్టె కొనాలి. మేనల్లుడు ఆ డబ్బు మిగల్చడానికి విండోస్ బదులు లైనక్స్ మింట్ ఎక్కించాడు. ప్రింటరు పలికింది, తెలుగు టైపింగు పలికింది. స్కానరు కూడా పలికిందనే అనుకున్నాడు, ఎందుకంటే ఆ వారమంతా స్కానుకి రోజుకి ఒక్కరే, ఒక్కొక్క ఆధార్ కార్డు పట్టుకుని వచ్చారు. ఒక్క కాగితం, ఒక్క స్కాను, సాయంత్రం కంప్యూటర్ కట్టెయ్యడం. రెండో పేజీ అవసరం తాతతోనే మొదలైంది.

"కంపినీ వోడికి ఫోను సెయ్యి," అన్నాడు బావ.

చేశాను. ఆ సిస్టమ్‌కి మా దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు అని మర్యాదగానే చెప్పి పెట్టేశారు. కంపెనీ ఇవ్వకపోతే మరి మొదటి పేజీ ఎలా వచ్చిందంటే, ఊరూ పేరూ మనకి తెలియని కొందరు రాసి పెట్టినందువల్ల. దాని పేరు సేన్. స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ అన్న మాటలకి పొడి అక్షరాలు. 1990ల్లో డేవిడ్ మోస్‌బర్గర్, ఆండ్రియాస్ బెక్ దీనికి పునాది వేశారు. విండోస్ వైపు నడిచే ట్వెయిన్ పద్ధతిలో స్కానర్‌ని నడిపే భాగమూ, మనం నొక్కే బొత్తాల కిటికీ కలిపి కంపెనీయే కట్టి ఇస్తుంది. వీళ్లు ఆ రెంటినీ విడదీశారు. స్కానర్‌తో మాట్లాడే భాగం వేరు, మనిషితో మాట్లాడే భాగం వేరు. కొత్త స్కానర్ వస్తే కింది భాగం ఒక్కటి రాస్తే చాలు, పైనున్న ప్రోగ్రాములన్నీ దాంతో పనిచేస్తాయి.

"ఈజీ అని పేరెట్టారు మావయ్యా," అన్నాడు మేనల్లుడు, తెర వైపు చూస్తూ.

జెరాక్స్ షాపులో కూచుని ఇంకొక సంగతి తలుచుకోకుండా ఉండలేకపోయాను. మనం జెరాక్స్ అంటే నకలు తీయడం. అసలు జెరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటరు ఒకటి 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలకి వచ్చింది. కాగితం ఇరుక్కునేది. అంతకు ముందున్న ప్రింటరు ప్రోగ్రాములో రిచర్డ్ స్టాల్‌మన్ అనే కుర్రవాడు చిన్న మార్పు చేశాడు: కాగితం ఇరుక్కుంటే, ప్రింటు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల తెరల మీదికి కబురు వెళ్తుంది. కొత్త దానికీ అలాగే చేద్దామంటే దాని సోర్సు కోడ్ లేదు. అది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని మాటిచ్చి సంతకం పెట్టాను, కుదరదన్నాడాయన. స్టాల్‌మన్ ఆ మాట మరిచిపోలేదు. 1983 సెప్టెంబర్ 27న గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. లైనక్స్ పేరుతో మనం వాడేదానిలో పెద్ద భాగం అక్కడి నుంచి వచ్చిందే. తెలుగువాళ్లకి ఓ కొసరు: అదే కార్నెగీ మెలన్‌లో ఆ రోజుల్లో రోబోటిక్స్ సంస్థని నడుపుతున్నది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. తరవాతి కాలంలో లక్షల పుస్తకాలని స్కాన్ చేయించే పనికి పూనుకున్నదీ ఆయనే.

ఇదంతా చెబితే బావ, "ఆడికీ కాయితమే ఇరుక్కున్నాదేటి?" అన్నాడు. కోపం కాస్త తగ్గింది.

పనిలోకి దిగాం. ముందు కంప్యూటరుకి స్కానరు కనిపిస్తోందా అని అడిగాం. తీగకి తగిలించిన వస్తువులన్నిటి జాబితా చూపించే ఆదేశం ఉంది, ఎల్ఎస్‌యూఎస్‌బీ అంటారు. ఉంది, పేరుతో సహా. అది స్కానరే అని సేన్‌కి తెలుసా? తెలుసు. మోడల్ నంబరు కూడా సరిగ్గా చెప్పింది. అనుమతి చాలక ఆగుతోందేమో అని మేనల్లుడి అనుమానం. యజమాని హోదాలో, సుడోతో నడిపాడు. ఒక పేజీ వచ్చింది, రెండోది రాలేదు. అనుమతి కాదు.

తీగ మీదికి అనుమానం పోయింది. ఈ రకం స్కానరుకి వేరే కరెంటు ఉండదు, తీగలోంచే తాగుతుంది. ఐదు వోల్టులు, యూఎస్‌బీ 2 అయితే 500 మిల్లీ ఆంపియర్ల దాకా. తీగ పాడైతే లైటుకీ మోటారుకీ చాలదు. దానికి పట్టే సన్న మూతి తీగ ఇప్పుడు దొరకడం కష్టం. పక్క ఫొటో స్టూడియోలో పాత డిజిటల్ కెమెరాది ఉంటే తెచ్చాం. ఒక పేజీ, అంతే.

అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. తీగ పెట్టిన రంధ్రంలో ప్లాస్టిక్ నీలంగా ఉంది, అంటే యూఎస్‌బీ 3. పాత స్కానర్లకి దానితో పడదని ఎక్కడో విన్నాను. వెనక్కి వెళ్లి నల్ల రంధ్రంలో పెట్టాను. బావ ముందు ఇదే రోగమని ఖాయంగా చెప్పేశాను కూడా. ఒక పేజీ వచ్చింది, రెండోది రాలేదు. బావ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది.

వాడకంలో లేని వస్తువులని కంప్యూటరు నిద్రపుచ్చే అలవాటు ఒకటుంది, దాన్నీ ఆపి చూశాం. మార్పు లేదు. మధ్యలో కరెంటు పోయి పది నిమిషాలు ఊరికే కూచున్నాం.

తాత ఇంతసేపూ మాట్లాడలేదు. పల్లెవెలుగు బస్సుకి టైమవుతోందని రోడ్డు వైపు చూస్తూ, చివరికి అడిగాడు: "మరి ఇందాకల తీగ పీకి పెడితే ఒకటి వొచ్చినాది కదేటి?"

"వొచ్చింది తాతా."

"అలాగైతే పీకి పెట్టండి. పీకి పెట్టండి. నాకేటి?"

నలుగురం ఉన్న చోట నలుగురిలో తెలివైనవాడు ఎవరో తేలిపోయింది. దస్తావేజు నాలుగు కాగితాలు, రెండు వైపులా రాతలూ సీళ్లూ. స్టాంపు కాగితం గాజు కన్నా పొడుగు, అందువల్ల ఒక్కో వైపూ రెండు ముక్కలుగా తీయాలి. మొత్తం పదహారు. మేనల్లుడు కంప్యూటరు వెనక నేల మీద బాసింపట్టు వేసుకున్నాడు. బావ కాగితం తిప్పడం, నేను బొత్తం నొక్కడం, వాడు తీగ పీకి మళ్లీ గుచ్చడం. తాత ధాన్యం కొలిచినట్టు లెక్కపెట్టాడు. "లాభం... రెండు... మూడు..." పదహారు అనేసరికి బస్సు హారను వినిపించింది. మూట కట్టుకుని, వాట్సాప్‌లో వకీలుకి వెళ్లిందని బావ చేత రెండుసార్లు ఒట్టు పెట్టించుకుని వెళ్లాడు.

ఎవరి పని వాళ్లకి అయిపోయినట్టే. కానీ నల్ల రంధ్రం దగ్గర నా మాట పోయింది. అది ఊరుకోనివ్వలేదు.

షట్టరు సగం దించి, మేనల్లుడూ నేనూ మళ్లీ కూచున్నాం. సేన్‌కి ఒక మంచి గుణం ఉంది. చేస్తున్నదంతా పైకి చెబుతూ చెయ్యి అంటే చెబుతుంది. ఆ చీటీ తెర మీద వందల వరుసలు దిగింది. మొదటి స్కాన్‌లో అడగడం, జవాబు రావడం. రెండో దాంట్లో పంపడం, ఎదురుచూడడం, గడువు దాటడం. స్కానరు మాట్లాడటం మానెయ్యలేదు. అదీ కంప్యూటరూ ఒకదాని మాట ఒకటి పట్టుకోవడం మానేశాయి.

మేనల్లుడే దొరికించుకున్నాడు. సేన్‌తో పాటు కంప్యూటరులోకి వచ్చే వాడుక పుస్తకంలో, యూఎస్‌బీ గురించి రాసిన పుట చివర, యూఎస్‌బీ 3 రంధ్రంలో పెట్టిన స్కానరు పనిచేయకపోతే ఈ మార్పు చేసి చూడండి అని ఒక పేరా. మా జబ్బూ ఆ కోవదే. మధ్యాహ్నం నుంచి అది ఆ పెట్టెలోనే ఉంది.

నల్ల రంధ్రం ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడు అర్థమైంది. ఆరో తరంతో ఇంటెల్ తన చిప్‌సెట్లలోంచి పాత యూఎస్‌బీ 2 నియంత్రికని తీసేసింది. రంగు నల్లగా ఉన్నా నీలంగా ఉన్నా, వెనక అన్నిటికీ దిక్కు ఎక్స్‌హెచ్‌సీఐ అనే ఒక్క నియంత్రికే.

పొద్దున్న బావకి చెప్పాల్సి వచ్చింది. ఆయనకి ఎడ్ల బండి తోలిన చెయ్యి. యూఎస్‌బీలో డేటా పొట్లాలుగా పోతుంది, ప్రతి పొట్లం మీదా ఎలపట అనో దాపట అనో గుర్తు ఉంటుందనుకో బావా అన్నాను. ఒకటి ఎలపటైతే తరవాతిది దాపట. ఎలపట వెనకే మళ్లీ ఎలపట వస్తే అందుకునేవాడు ఏమనుకుంటాడు? నా జవాబు అందక పాతదే మళ్లీ పంపారనుకుని, అందిందని చెప్పి ఆ పొట్లాన్ని పారేస్తాడు. మొదటి పేజీ అవగానే స్కానరు లెక్క మళ్లీ మొదటికి తెచ్చుకుంటోంది. ఇటు కంప్యూటరు లెక్క మాత్రం ఆగినచోటే ఉండిపోతోంది. తీగ పీకితే రెండూ మొదటికొస్తాయి. తాత చెప్పిన వైద్యం ఇందుకే పనిచేసింది.

"కాడికి రెండూ ఎలపట ఎద్దులే కట్టినట్టు," అన్నాడు బావ.

మార్పు చాలా చిన్నది. సేన్ యూఎస్‌బీ వర్కరౌండ్ అనే పేరుకి ఒకటి అని విలువ ఇచ్చి, మనం లాగిన్ అయినప్పుడు కంప్యూటరు చదివే ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ఒక వరుస రాయడం. దాంతో సేన్ మధ్యలో ఒక అదనపు ఆదేశం పంపుతుంది, ఇటు లెక్క కూడా మొదటికొస్తుంది. ఆ ఆదేశం రాసిన చోట ప్రోగ్రామరు, న్యాయంగా దీని అవసరం ఉండకూడదు గానీ లైనక్స్ ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవరుకి కావలసి వస్తున్నట్టుంది అన్న అర్థంలో ఓ మాట రాసి పెట్టాడు. రాత్రి పదింటికి అది చదివి మేనల్లుడు నవ్విన నవ్వు నాకు గుర్తుంది. రెండో పేజీ వచ్చింది. మూడోది వచ్చింది. గాజు మీద పెట్టడానికి ఏమీ లేక పాత కరెంటు బిల్లు, పెళ్లి శుభలేఖ, సినిమా కరపత్రం, అన్నీ స్కాన్ చేశాడు.

రెండు రోజులకి తాత మళ్లీ వచ్చాడట. మూడో కాగితం వెనక వైపు, కింది ముక్కలో చివరి రెండు వరుసలు తెగిపోయాయనీ, ఆ పేజీ మళ్లీ పంపమనీ వకీలు అడిగాడు. మేనల్లుడు ఫోన్లో చెప్పాడు. ఇప్పుడు బాగయింది తాతా, ఎన్నయినా వస్తాయని చెప్పినా వినకుండా, కుర్చీ కంప్యూటరు వెనక్కి లాక్కుని, తీగ మొదట్లో చెయ్యి వేసుకుని కూచున్నాడట.

"ముందు నువ్వు తియ్యి నాయనా. నాను పీకుతాను," అన్నాడట.