జేమ్స్ బ్రెయిడ్‌వుడ్

జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ (1800–1861) స్కాట్లాండ్‌కు చెందిన అగ్నిమాపక దళాధిపతి. 1824 నుంచి ఎడిన్‌బరో దళానికి, 1833 నుంచి మరణించేదాకా లండన్ దళానికి నాయకత్వం వహించాడు. ఎడిన్‌బరో దళాన్ని బ్రిటన్‌లో తొలి పురపాలక అగ్నిమాపక దళంగా పరిగణిస్తారు. మంటలార్పడాన్ని శిక్షణ, క్రమశిక్షణ, ఏకనాయకత్వం ఉన్న వృత్తిగా తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. లండన్‌లోని టూలీ స్ట్రీట్ అగ్నిప్రమాదంలో విధి నిర్వహిస్తూ చనిపోయాడు.

తొలి జీవితం

బ్రెయిడ్‌వుడ్ ఎడిన్‌బరోలో జన్మించాడు. తండ్రి చెక్క సామాను తయారీ, భవన నిర్మాణం చేసేవాడు. రాయల్ హైస్కూల్‌లో చదువయ్యాక కొడుకూ అదే వ్యాపారంలో పని నేర్చుకున్నాడు. గోడలు, దూలాలు, పైకప్పుల గురించి అక్కడ అబ్బిన అవగాహన తర్వాతి ఉద్యోగంలో అడుగడుగునా అక్కరకొచ్చింది.

ఎడిన్‌బరోలో

1824లో కొత్తగా ఏర్పడిన దళానికి ఆయనను అధిపతిగా నియమించారు. కొన్ని వారాలకే, నవంబరు 15న, పాతనగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఇరుకు సందుల్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఎత్తైన రాతి భవనాల్లో మంటలు రోజుల తరబడి రేగాయి. ట్రాన్ చర్చి శిఖరం కాలిపోయింది. దాదాపు 400 ఇళ్లు నాశనమయ్యాయి, 13 మంది మరణించారు. ఘటనాస్థలంలో నగర పెద్దలు తలా ఒక ఆజ్ఞ ఇవ్వడంతో దళం పని గందరగోళంలో పడింది. ఆ అనుభవం తర్వాత, మంటల దగ్గర దళాధిపతి మాటే చెల్లాలన్న ఏర్పాటు వచ్చింది.

దళంలోకి తాపీ, వడ్రంగం, ఇంటికప్పుల పని తెలిసినవారిని ఎంచి తీసుకున్నాడు. ఏ గోడ నిలుస్తుందో, ఏ కప్పు కూలుతుందో వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. చీకటిలో పనిచేయడం అలవాటు కావాలని తెల్లవారకముందే కవాతులు జరిపించేవాడు. మండుతున్న దుకాణంలోంచి తుపాకిమందు పీపాలను స్వయంగా బయటికి మోసుకొచ్చిన ఘటన ఆయనకు పేరు తెచ్చింది. 1830లో ఫైరింజన్ల నిర్మాణం, సిబ్బంది శిక్షణ, మంటలార్పే పద్ధతులపై ఒక పుస్తకం ప్రచురించాడు.

పద్ధతులు

అంతవరకు సాధారణంగా వీధిలో నిలబడి, పొగ కనిపించిన వైపు నీళ్లు చిమ్మేవారు. అలా చిమ్మిన నీరు చాలావరకు వృథా అయ్యేది. గొట్టంతో భవనం లోపలికి వెళ్లి, నిప్పు మూలాన్నే తడపాలన్నది బ్రెయిడ్‌వుడ్ సూత్రం. లోపలికి ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరు కలిసి వెళ్లాలి. ఒకరికి స్పృహ తప్పితే రెండోవారు బయటికి లాగగలుగుతారు. పొగ పైకి లేస్తుంది కాబట్టి నేలకు దగ్గరగా వంగి, ఉన్న కాస్త మంచిగాలిని పీల్చుకుంటూ ముందుకు సాగాలి. నేటి అగ్నిమాపక శిక్షణలోనూ ఈ సూత్రాలు కనిపిస్తాయి.

లండన్‌లో

లండన్‌లో అప్పటిదాకా బీమా కంపెనీలు వేటికవి సొంత దళాలను పోషించేవి. 1833లో పది కంపెనీలు తమ దళాలను కలిపి ‘లండన్ ఫైర్ ఇంజన్ ఎస్టాబ్లిష్‌మెంట్’ను నెలకొల్పి, బ్రెయిడ్‌వుడ్‌కు అప్పగించాయి. తొలినాళ్లలో అందులో 80 మంది పూర్తికాలపు సిబ్బంది ఉండేవారు. ఇక్కడ ఆయన నావికులవైపు మొగ్గాడు. ఎత్తులెక్కడం, వేళాపాళా లేని పని, ఆజ్ఞాపాలన వారికి ముందే అలవాటు. ఇంజన్లు మాత్రం చేతి పంపులే. వాటిని కొట్టడానికి గుమిగూడిన జనంలోంచి మనుషులను పిలిచి, తొలి గంటకు ఒక షిల్లింగు, ఆపై గంటకు ఆరు పెన్నీల కూలి, తాగడానికి బీరు ఇచ్చేవారు.

1834 అక్టోబరు 16 రాత్రి పార్లమెంటు భవనాలు తగలబడ్డాయి. వాటికి బీమా లేకపోయినా దళం వెళ్లింది. థేమ్స్‌లో నీటిమట్టం తగ్గి ఉండటంతో పడవపై ఉండే పెద్ద పంపు ఆలస్యంగా చేరింది. భవనాల్లో చాలా భాగం కాలిపోయినా, మధ్యయుగపు వెస్ట్‌మినిస్టర్ హాలు దక్కింది.

ప్రమాదం జరిగాక ఆర్పడంకన్నా, భవనాలను సరిగా కట్టడంపై ఆయన ఎక్కువ ఆందోళన చెందాడు. పోత ఇనుప స్తంభాలున్నంత మాత్రాన భవనం అగ్నికి తట్టుకోదని, వేడెక్కిన స్తంభంపై నీళ్లు పడితే పగులుతుందని వివరించాడు. 1849లో ఇంజనీర్ల సంస్థ ముందు ఇదే విషయంపై పత్రం సమర్పించాడు. అడ్డుగోడలు లేని భారీ గిడ్డంగి ఒకసారి అంటుకుంటే, దాన్ని ఆర్పగల శక్తి లండన్‌లో లేదని హెచ్చరించాడు.

టూలీ స్ట్రీట్ ప్రమాదం

ఆ హెచ్చరిక 1861 జూన్ 22న నిజమైంది. థేమ్స్ దక్షిణ తీరాన కాటన్స్ వార్ఫ్ గిడ్డంగిలో సాయంత్రం మంటలు లేచాయి. జనపనార, పత్తి, పంచదార, కొవ్వు, సురేకారం వంటి సరుకులతో నిండిన పక్క గిడ్డంగులకు అవి పాకాయి. వాటి మధ్య ఇనుప తలుపులు ఉన్నా మూసి లేవు. కరిగిన కొవ్వు మండుతూ నదిలోకి పారింది. అలసిన సిబ్బందికి బ్రాందీ పంచుతూ తిరుగుతున్న బ్రెయిడ్‌వుడ్‌పై ఒక గోడ కూలింది. శిథిలాల్లోంచి మృతదేహాన్ని తీయడానికి రెండు రోజులు పట్టింది. మంటలు పూర్తిగా ఆరడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. అంత్యక్రియల ఊరేగింపు సుమారు ఒకటిన్నర మైళ్ల పొడవు సాగింది. ఆయనను అబ్నీ పార్క్ శ్మశానంలో ఖననం చేశారు.

ప్రభావం

నష్టం సుమారు 20 లక్షల పౌండ్లు. బీమా కంపెనీలు ప్రీమియంలు పెంచి, నగర రక్షణ భారం ఇక తమవల్ల కాదని ప్రభుత్వానికి చెప్పాయి. 1865 నాటి చట్టంతో 1866లో ‘మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్’ అనే ప్రభుత్వ దళం ఏర్పడింది. బ్రెయిడ్‌వుడ్ వారసుడు, బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన ఐర్ మాసీ షా దానికి తొలి అధిపతి. 1904లో అది ‘లండన్ ఫైర్ బ్రిగేడ్’గా పేరు మార్చుకుంది.

ఎడిన్‌బరోలో 2008లో బ్రెయిడ్‌వుడ్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. నగర దళంతో మొదలైన ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీల కొలువులోనే గడిచింది. అగ్నిమాపక రక్షణ ప్రజల సొమ్ముతో నడవాల్సిన బాధ్యత అని లండన్ అంగీకరించడం మాత్రం ఆయన మరణం తర్వాతే జరిగింది.