ఇంటి వీడియోల డిజిటలీకరణ

పెళ్లి, బారసాల, గృహప్రవేశం వంటి వేడుకల క్యాసెట్లను ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫైళ్లుగా దాచుకోవడాన్ని ఇంటి వీడియోల డిజిటలీకరణ అంటారు. 1990ల చివర్లో ఎడిటింగ్ సౌకర్యంగా ఇళ్లకు చేరిన ఈ పద్ధతి, హార్డ్‌డిస్కులు పెద్దవయ్యాక భద్రపరిచే సాధనంగా మారింది.

నేపథ్యం

జపాన్‌లో సోనీ 1975లో బీటామాక్స్‌ను, జేవీసీ 1976లో వీహెచ్ఎస్‌ను విడుదల చేశాయి. భారత్‌లో 1982 ఆసియా క్రీడల వేళ రంగుల టీవీ వచ్చాక వీసీఆర్‌ల వాడకం పెరిగింది. తెలుగు ఇళ్లలో పెళ్లి ఆల్బమ్ పక్కన పెళ్లి క్యాసెట్ చేరింది. ఇవి అనలాగ్ టేపులు కావడంతో కాపీకి కాపీ తీసేకొద్దీ బొమ్మ మసకబారేది.

డీవీ దశ

1995లో వచ్చిన డీవీ టేపు దృశ్యాన్ని అంకెల రూపంలోనే నమోదు చేసింది. అదే ఏడాది ప్రమాణంగా ఖరారైన ఫైర్‌వైర్ తీగ ద్వారా నాణ్యత తగ్గకుండా దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకునే వీలు కలిగింది. 1999లో ఆపిల్ ఐమాక్ డీవీని ఐమూవీతో కలిపి అమ్మింది. 2000లో విండోస్ ఎంఈతో మూవీ మేకర్ వచ్చింది. అయితే గంట డీవీ వీడియోకు దాదాపు 13 జీబీ కావాలి. తొలి ఐమాక్ డీవీ డిస్కు 10 జీబీ మాత్రమే. అందుకే ఎడిట్ చేసిన వీడియోను మళ్లీ టేపుకే ఎక్కించేవారు. తర్వాత ఆ స్థానాన్ని 4.7 జీబీ డీవీడీ తీసుకుంది.

అనలాగ్ టేపులు

వీసీఆర్ నుంచి పసుపు తీగలో బొమ్మ, ఎరుపు, తెలుపు తీగల్లో శబ్దం క్యాప్చర్ కార్డుకు చేరతాయి. మూడు గంటల టేపు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. టేపు వేగంలో హెచ్చుతగ్గులుంటే బొమ్మ అంచులు వంకరపోతాయి. టైమ్ బేస్ కరెక్టర్ దీన్ని సరిచేస్తుంది. క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు చుట్ట అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. శుభ్రం చేయకుండా ఆడిస్తే అది హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్‌కూ పాకవచ్చు. అమెరికాలోని బంధువులు పంపిన క్యాసెట్లతో మరో చిక్కు ఉంది: అవి 525 గీతల ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, భారత్‌ది 625 గీతల పాల్ పద్ధతి. రెండింటినీ ఆడించే వీసీఆర్ ఉండాలి.

భద్రపరచడం

వీసీఆర్ తయారీలో చివరిదాకా మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. టేపులు పాడవడం కన్నా, వాటిని ఆడించే యంత్రాలు, విడిభాగాలు దొరకకపోవడమే పెద్ద ప్రమాదమని ఆర్కైవ్ నిపుణులు 2019లో యునెస్కో చేపట్టిన ‘మాగ్నెటిక్ టేప్ అలర్ట్’లో హెచ్చరించారు. ఆర్కైవ్‌లు నాణ్యత పోగొట్టని ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్‌ను ఇష్టపడతాయి. ఇళ్లలో ఎక్కువగా వాడేది 2003 నాటి హెచ్.264. ఫైలు మూడు ప్రతులుగా, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి ఇంటి బయట ఉండాలన్నది వాడుకలోని సూత్రం. క్యాసెట్ మీద చేత్తో రాసిన లేబుల్‌ను కూడా ఫొటో తీసి ఫైలు పక్కన ఉంచుతారు. ఆ వేడుక ఎవరిదో, ఎప్పటిదో చెప్పే ఆధారం చాలాసార్లు అదొక్కటే.